జారుడుబల్ల మెట్టు ఎవరి కాలికి?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను నలభై ఏళ్ళు వడ్రంగం చేశాను. అప్పట్లో ఒక ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఇంటికి నాకు మూడు సార్లు పని ఉండేది. ముందు తొట్టి ఉయ్యాల, ఏడాది నిండేసరికి మూడు చక్రాల బండి, బడిలో వేశాక బొంగరం. తొట్టిలో బిడ్డకు బొంగరం చెక్కమని ఎవరూ అడగలేదు. కోనసీమలో మా ఊరి కాలువగట్టు మీద పార్కు కట్టించిన వారికి ఈ లెక్క పట్టలేదు.

అక్కడున్నవి ఒక ఇనుప జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు. జారుడుబల్ల మెట్టు రెండున్నరేళ్ళ నా మనవరాలికి మోకాలు దాటి ఉంది. తొమ్మిదేళ్ళ మనవడికేమో అది విసుగు. మెట్లు వదిలేసి జారే వైపు నుంచే పైకి పాకుతాడు. అందరూ అల్లరి అంటారు గానీ, వాడి ఒంటికి తగిన కష్టం అక్కడ లేదని నా అనుమానం. మొన్న వాడు జారి వచ్చి కింద కూర్చున్న చెల్లెలిని గుద్దుకున్నాడు. పాప పెదవి చిట్లింది. కింద ఉన్నది సిమెంటు. గోదావరి పక్కనే ఉండి రెండు బండ్ల ఇసుక పోయించలేకపోయారు! ఇక వేసవి సెలవుల్లో పొద్దెక్కితే ఆ రేకు మీద చెయ్యి కూడా పెట్టలేం.

మా కోడలు అంగన్‌వాడీ కార్యకర్త. రెండేళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు కాదు, ఒకరి పక్కన ఒకరు ఆడుకుంటారని, ఏది దొరికినా నోట్లో పెడతారని చెబుతుంది. వామనగుంటల చింతగింజలు వాళ్ళకు అందనివ్వదు. మూడు దాటితే గుజ్జనగూళ్ళు, కొబ్బరి చిప్పలో ఇసుకే అన్నం. ఏడెనిమిదేళ్ళకు తొక్కుడుబిళ్ళ, కబడ్డీ, గీత తొక్కావంటే లేదని తగాదాలు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందట. ఎక్కడ కదిలించాలి?

పార్కుకు కొత్త సామాను తెప్పిస్తున్నారని విన్నాను. అంతకంటే ముందు కాలువ వైపు కంచె వేయాలి. జూన్‌లో నీళ్ళు వదిలేలోగానే. కమ్మీలు నిలువుగా ఉండాలి, అడ్డంగా వేస్తే అవే నిచ్చెన. సందు బెత్తెడు మించితే పసివాళ్ళ ఒళ్ళు దూరి తల ఇరుక్కుంటుంది. చిన్నవాళ్ళకు చెట్టు నీడన ఇసుక చాలు. పెద్ద పిల్లలకు సగం స్థలం ఖాళీగా వదలాలి. ఖాళీ జాగాకు శిలాఫలకం వేయలేరు, అదొక ఇబ్బంది అనుకోండి. నడిమి ఈడు పిల్లలు పైన నడవడానికి, పాత ఇల్లు విప్పినప్పటి తాటి దూలం ఒకటి మా దొడ్లో ఉంది. చిత్రిక పట్టి, నేలలో సగం పాతి ఇస్తాను. కూలి వద్దు.

సామాను కొనే ముందు పంచాయతీ వారు ఒక సాయంత్రం వచ్చి నా మనవరాలి మోకాలి ఎత్తు కొలుచుకుంటే బాగుంటుంది. టేపు నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక వడ్రంగి తాత,
కోనసీమ