నెగటివ్ వచ్చింది సరే, దారిలో శాంపిల్ పాడవలేదని ఎలా నమ్మాలి?

ఆస్ట్రేలియా ఫెడరల్ ఆరోగ్య మంత్రి గారికి,

నమస్కారమండీ. మేం ఉండేది ఆస్ట్రేలియా ఉత్తర కొసన, ఎండలు మండే డార్విన్‌లో. మలంలో రక్తం ఉందేమో చూడడానికి ప్రభుత్వం ఇంటికి పంపే పేగు క్యాన్సర్ పరీక్ష కిట్ల గురించి ఇదివరకు రాసిన మెయిళ్ళకు జవాబు లేదు, అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా ఆయన కిట్ వచ్చింది నవంబరుకు ముందే, చేయడానికి ఒప్పుకునేసరికి ఎండలు ముదిరే నవంబరు వచ్చింది. మలాన్ని పుల్లతో గీరి, ట్యూబులో గుచ్చి, మూత బిగించి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టుకున్నాం. రెండో శాంపిల్ శనివారం గానీ కుదరలేదు. సోమవారం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచి పోస్టులో వేశాం. మా చేతిలో ఉన్నది మేం చేశాం. ఆ తర్వాత అది ఎండకు కాగే ఎర్ర డబ్బాలో ఎంతసేపుందో, ఏ వ్యానులో ఉడికిందో, ఈ దేశంలోనే దక్షిణాన ఉన్న ల్యాబ్‌కు ఏ స్థితిలో చేరిందో ఎవరికి తెలుసు? నెగటివ్ అని ఉత్తరం వచ్చింది. సంతోషించాలో టెన్షన్ పడాలో అర్థం కాలేదు.

ఆ పరీక్ష వెతికేది మలంలో కలిసిన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను. వేడికి అది విరిగిపోతుంది, ట్యూబులోని ద్రవం ఆ పాడవడాన్ని కొంత నెమ్మదింపజేస్తుందే గానీ పూర్తిగా ఆపదు. బాగా రక్తం పోతున్నవాళ్ళది ఎలాగూ బయటపడుతుంది. ఇంకా క్యాన్సర్‌గా మారని పాలిప్, అంటే పేగు లోపలి చిన్న కండ, దాని సంగతేంటి? దాన్నుంచి కారేదే కాస్త, అదీ అప్పుడప్పుడు. ఆ కాస్తా దారిలో కరిగిపోతే రక్తం లెక్క పాజిటివ్ అనే గీత కిందికి దిగిపోతుంది, మనిషికి నెగటివ్ అని చెప్పేస్తారు, మళ్ళీ కిట్ వచ్చేది రెండేళ్ళకు. శాంపిల్ ఆలస్యంగా చేరితే పనికిరాదని చెప్పి ఇంకో కిట్ పంపుతారు, మంచిదే. ఎండకు పాడైతే మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. నాకు భయం వేసేది అక్కడేనండీ.

ఇది నా అనుమానం కాదు. ఇటలీలో ఫ్లోరెన్స్ జిల్లాలో చూసి 2010లోనే రాశారు, చలికాలంతో పోలిస్తే వేసవిలో పాజిటివ్ వచ్చే అవకాశం 17 శాతం తక్కువని. ఫ్లోరెన్స్‌లోనే అలా ఉంటే, ఇక్కడ చలికాలమైన జులైలో కూడా పగలు 30 డిగ్రీలు దాటే మా ఊరి సంగతి ఆలోచించండి.

మాలాంటి వేడి ప్రాంతాలకు హాట్ జోన్ అని పేరు పెట్టి వేడి నెలల్లో మాకు కిట్లు పంపడం ఆపారు, కాదనను. కానీ ఆపింది పంపడాన్నే కదా, తిరిగి రావడాన్ని కాదు. కిట్ నెలల తరబడి బాత్రూం అలమరలో పడి ఉండి, చివరికి బిల్డప్ ఎండల్లో, అంటే వానలకు ముందు ఉక్కపోసే నెలల్లో, పోస్టులో పడే ఇళ్ళు ఎన్నో. నైట్ డ్యూటీలు చేసేవాళ్ళను, ఊరికి దూరంగా ఉండేవాళ్ళను తిట్టి లాభం లేదు.

దయచేసి కవర్లో వేడి తగిలితే రంగు మారే స్టిక్కర్ పెట్టించండి. అది మారితే ఇంకో కిట్ పంపించండి. దగ్గర్లోని క్లినిక్‌లోనో మందుల షాపులోనో ఫ్రిజ్‌లో ఇచ్చిపోయే ఏర్పాటు చేయండి, అక్కడి నుంచి చల్లగా తీసుకెళ్ళే బాధ్యత మీది. నెగటివ్ ఉత్తరంలో, ఎండాకాలంలో పంపిన శాంపిల్ అయితే ఆ మాట కూడా రాయండి. వీటిలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో, కుదరకపోతే ఎందుకో చెప్పండి. మా ఆయన మళ్ళీ పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది కూడా. ఈసారైనా జవాబు ఇవ్వండి, పుణ్యముంటుంది.

ఇట్లు,
డార్విన్ నుంచి ఒక తెలుగు గృహిణి