పప్పు, ఆకుకూర, అరచెక్క నిమ్మకాయ: తల్లిదండ్రులకు ఆగస్టు ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన సోమవారం ప్రేయరులో తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. మరునాటికే బడికి వచ్చింది, ఇప్పుడు బాగుంది. తల్లిదండ్రుల అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. అప్పట్నుంచీ వాట్సాప్ గ్రూపులోనూ గేటు దగ్గరా ఒకటే మాట: "బడిలో రోజూ పప్పూ కూరలే పెడితే పిల్లకాయలకు రక్తం ఎట్లా పడుతుంది?"

ముందు మిగతా పనులు: ఎఫ్‌ఏ-1 పరీక్ష మార్కుల కార్డులు శనివారం ఇస్తాం, సంతకం పెట్టి పంపండి. బస్సు ఫీజు 8వ తేదీలోగా కట్టండి. జెండా పండక్కి తెల్ల యూనిఫారం.

ఇక అసలు విషయం. ఆ అమ్మాయి ముందురోజు రాత్రి సరిగా తినలేదు, పొద్దున అసలు తినలేదు. ఆ రోజు క్లాసులో అడిగితే చాలామంది టీలో రెండు బిస్కెట్లు ముంచుకుని తిని వచ్చామన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మేం పెట్టే భోజనం ఉదయం తొమ్మిదింటి ప్రేయరుకు ఎలా బాధ్యత వహిస్తుందో దయచేసి ఆలోచించండి. రెండు ఇడ్లీలు, లేదా పల్లీలు కలిపిన ఒక గిన్నె అటుకుల ఉప్మా. దీనికి పావుగంట పడుతుంది. రాత్రి పదకొండు దాటాక పిల్లల చేతిలో ఫోను తీసేస్తే ఆ పావుగంట పొద్దున దొరుకుతుంది.

మీరన్న దాంట్లో నిజం కూడా ఉంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది, ఆకుల్లో పప్పుల్లో ఉన్నది అంత తేలిగ్గా పట్టదు. 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగపిల్లవాడికి 22. అయితే అదే ముద్దలో సి విటమిన్ ఉంటే ఆకుకూరలోని ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అందులోని వగరు పదార్థం ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వదు. ఒకే తోటకూర పప్పు ఒక ఇంట్లో రక్తం అవుతుంది, పక్కింట్లో వృథా అవుతుంది. మందు మన ఊళ్లోనే ఉంది. పొదలకూరు మార్కెట్‌కు బస్తాలకొద్దీ నిమ్మకాయలు వచ్చే జిల్లా మనది! పప్పు పొయ్యి మీద నుంచి దించి, వడ్డించేటప్పుడు అరచెక్క పిండండి. ఉడికేటప్పుడు పిండితే ఆ వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది. టీ అలవాటు మానలేకపోతే భోజనానికి గంట ఎడంగా తాగనివ్వండి.

శాకాహారం పేదవాడి తిండి అనో, బలం లేని తిండి అనో అనడం నేను ఒప్పుకోను. మాంసకృత్తుల్లో లైసిన్, మెథియొనిన్ అనే భాగాలుంటాయి. అన్నంలో తక్కువయ్యే లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువయ్యే మెథియొనిన్ అన్నంలో ఉంది. రెండూ కలిస్తే మంచి మాంసకృత్తులు. కూరగాయల్లో, పప్పుల్లో ఉండే పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటకు పంపుతుంది. కాలేయం మళ్లీ ఆ రసం చేసుకోవడానికి రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. ఈ పని చేపా చెయ్యలేదు, కోడీ చెయ్యలేదు, వాటిలో పీచే లేదు. కానీ గుట్టంత తెల్లన్నం, చెంచాడు ఆవకాయ, నాలుగు వడియాలు కూడా శాకాహారమే, దానివల్ల ఆరోగ్యం రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క చూడండి: రోజుకు 2000 కేలరీలు తినేవారికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు. మన ఇళ్లలో కూరగాయలు అందులో సగమైనా ఉంటున్నాయా? బడి వంటగదిలో ఒక్క పూటకే తలకు 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు తూచి వేస్తున్నాం. అనుమానం ఉన్నవారు ఏ రోజైనా పదకొండింటికి వచ్చి కాటా దగ్గర నిలబడి చూడండి.

బి12 మాత్రం మొక్కల్లో ఉండదు. పూర్తి శాకాహారులైతే పాలు, పెరుగు తప్పనిసరి. పాలు ముట్టని పిల్లలుంటే డాక్టరుకు చూపించండి. ఇంట్లో చేపల పులుసు వండుకోవద్దని మేం ఎవరికీ చెప్పడం లేదు.

ఎనిమిదో తరగతి పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. నలుసంత ఉండే తోటకూర విత్తనాన్ని ఇసుకతో కలిపి చల్లారు, లేకపోతే అంతా ఒక్కచోటే పడుతుంది. నాలుగో వారంలో కోసిన ఆకు నేరుగా మన వంటగదికి వచ్చింది. బంగారు పిల్లలు! తొమ్మిదో తరగతి అమ్మాయిలు పెసలు మొలకెత్తించారు: ఎనిమిది గంటల నాన, నీళ్లు పూర్తిగా వంపి, తడిగుడ్డలో రాత్రంతా మూట. మొదటి మూట వాసన వచ్చింది. అడుగున నీళ్లు నిలిచాయని వాళ్లే కనిపెట్టి, రెండోసారి మూటను వేలాడదీశారు. పచ్చివి తినకుండా అయిదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, నిమ్మరసం పిండి అందరికీ పంచారు.

ఇంత చేస్తున్న పిల్లల సంచుల్లో రోజూ అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు దొరుకుతున్నాయి. మీరు ప్రేమతోనే కొనిస్తున్నారని తెలుసు. అవి తిన్న పిల్లలు మధ్యాహ్నం కూర పక్కకు నెట్టేస్తున్నారు. ఆ డబ్బుతో గుప్పెడు వేయించిన పల్లీలు, బెల్లం ముక్క పంపండి.

ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర వేస్తాం. కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీలుస్తుంటే ఏ తిండి పెట్టినా రక్తహీనత తగ్గదు. మాత్ర భోజనం తర్వాత నమిలి మింగాలి. జ్వరంగా ఉన్న పిల్లలకు ఆ రోజు వెయ్యం, డైరీలో రాసి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు