ప్యాకింగ్ ముక్క కోసం టర్బో అంతా మార్చాలా?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారములు. టర్బో ఉన్న కారును ఇంట్లో విప్పడం సాహసమని, దాన్ని కంపెనీ మనుషులు తప్ప మరొకరు ముట్టుకోకూడదని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. ఈ మధ్య ఒక శని, ఆదివారాల్లో నేను నా కారు కింద పడుకొని ఆ పనే చేశాను. ఆ రెండు రోజుల్లో నాకు ఎదురైన ఇబ్బందుల్లో చేతి పనికి సంబంధించినవి తక్కువ, వస్తువు దొరక్కపోవడం వల్ల, సమాచారం తెలియకపోవడం వల్ల వచ్చినవి ఎక్కువ. ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, సంబంధిత అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నాది 2010లో మన దేశంలో విడుదలైన ఫియట్ లీనియా టీ-జెట్. నాలుగేళ్ల కిందట ఒకరి దగ్గర పాతది కొన్నాను. అప్పటి నుంచి తీరిక దొరికిన ప్రతి వారాంతం ఏదో ఒక భాగాన్ని బాగుచేసుకుంటూ వస్తున్నాను. కార్లంటే ఇష్టం ఉన్నవారు ఇలాంటి బండిని ప్రాజెక్టు కారు అంటారు. ఆ రోజుల్లో లీనియా టర్బో లేకుండా కూడా వచ్చేది. రెండింటిలోనూ ఇంజన్ 1368 సీసీలే అయినా, టర్బో లేనిది సుమారు 90 హార్స్‌పవర్, 115 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తే, టర్బో ఉన్నది 114 హార్స్‌పవర్, 207 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో ఇంజన్‌లోకి గాలిని దట్టించడమే ఈ తేడాకు కారణం. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. నూరేళ్లు దాటిన ఈ యంత్రాన్ని మనం ఇప్పటికీ మంత్రపు పెట్టెలా చూస్తున్నామంటే నాకు బాధగానే ఉంటుంది.

రెండు నెలలుగా నా కారు ఉదయం స్టార్ట్ చేయగానే నీలం రంగు పొగ వదులుతోంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి కదిలితే వెనకాల వచ్చేవారు ముక్కు మూసుకోవలసి వచ్చేది. చూపించడానికి తీసుకెళ్లిన వర్క్‌షాపులో బానెట్ ఎత్తి చూసి, టర్బో పోయింది, మొత్తం మార్చాలి అన్నారు. అంచనా లక్ష రూపాయలు దాటింది. ఏ భాగం పోయిందో ఎలా తెలిసిందని అడిగితే పొగ వస్తోంది కదా అన్నారు. పోనీ, విప్పి చూసుకోవడానికి నూనె పైపుల ప్యాకింగులు (అతుకుల మధ్య నూనె కారకుండా పెట్టే పలుచని ముక్కలు), రాగి వాషర్లు ఇమ్మంటే విడిగా అమ్మమని, బోల్టులను ఎంత టార్క్‌తో బిగించాలో చెప్పమంటే ఆ వివరాలు బయటివారికి ఇవ్వమని సమాధానం వచ్చింది. ఆ వర్క్‌షాపు పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏ పెద్ద వర్క్‌షాపుకు వెళ్లినా దాదాపు ఇదే మాట వినవలసి వస్తుందని తోటి కారు యజమానులు చెబుతున్నారు.

పొగ వచ్చినంత మాత్రాన టర్బో పోయినట్టు ఎందుకు కాదో కొంచెం వివరంగా చెప్పాలి. కార్లలో వాడే చిన్న టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. అంత వేగానికి, తొమ్మిది వందల డిగ్రీల దగ్గరకు చేరే పొగ వేడికి తట్టుకునేలా ఆ ఇరుసును పలుచని నూనె పొర మీద తేలేటట్టు అమరుస్తారు. నూనె ఇంజన్ పంపు ఒత్తిడితో సన్నని పైపులో నుంచి లోపలికి వస్తుంది. పని అయ్యాక మాత్రం దాన్ని తోసే పంపు ఏదీ ఉండదు. తన బరువుతో తానే, నురుగులా, కిందనున్న లావు పైపులో జారి ఇంజన్ తొట్టిలో పడాలి. తిరుగు పైపు అంత లావుగా ఉండడానికి కారణం అదే. ఇరుసు రెండు కొసలా ఉండేవి మనం అనుకునే రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగు వంటి సన్నని లోహపు రింగులు. నూనె ధారాళంగా కిందికి దిగిపోతున్నంత సేపే అవి దాన్ని ఆపగలవు. తిరుగు పైపు మూసుకుపోయినా, ఇంజన్ లోపలి గాలి బయటకు పోయే బ్రీదర్ పూడిపోయినా, నూనె పైకి పొంగి ఆ రింగులను దాటి సైలెన్సర్‌లోకి పోయి పొగ అవుతుంది. అప్పుడు తప్పు టర్బోది కాదు. కొత్త టర్బో బిగించినా నాలుగు రోజుల్లో మళ్లీ అదే పొగ వస్తుంది, యజమాని లక్ష రూపాయలు నీళ్లలో పోసినట్టే.

అందువల్ల శుక్రవారం రాత్రే తుప్పు పట్టిన నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాను. శనివారం పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా, బ్యాటరీ తీగ తీసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. జాకీ బండిని ఎత్తడానికి పనికొచ్చే సాధనమే తప్ప, దాన్ని నమ్ముకొని బండి కిందికి దూరకూడదు. స్టాండ్లు కొనలేనివారు, సమతలమైన నేల లేనివారు ఆ పని ఇంట్లో మొదలుపెట్టనే వద్దు.

మొదట గాలి వచ్చే పక్క గొట్టం విప్పి, ఇరుసు కొసను వేళ్లతో పట్టుకొని కదిపి చూశాను. పక్కలకు కొద్దిగా కదిలింది. నూనె లేనప్పుడు ఆ మాత్రం కదలిక ఉండడం సహజమే. ముందుకు వెనక్కు లాగితే మాత్రం చేతికి తెలిసే కదలిక లేదు, రెక్కలు గూటిని రాసుకున్న గుర్తులూ లేవు. బ్రీదర్ ఊది చూస్తే గాలి తేలికగా పోయింది. అనుమానం ఇక తిరుగు పైపు మీదకే వెళ్లింది. దాన్ని చేరుకోవాలంటే సైలెన్సర్ ముందు పైపు దించితే గానీ చెయ్యి పట్టదు. ఆ పైపు నట్లలో ఒకటి ఎంతకూ కదల్లేదు. బలం పెడితే స్టడ్ (నట్టు ఎక్కే మరమేకు) విరుగుతుంది, విరిగితే రెండు రోజుల పని రెండు వారాలు అవుతుంది. కొంచెం వేడి చేసి, నూనె కొట్టి, అరగంట ఆగి, బిగించే వైపు పావు వంతు, విప్పే వైపు పావు వంతు తిప్పుతూ మధ్యాహ్నం మూడింటికి దాన్ని బయటకు తెచ్చాను. నా మటుకు శనివారం చేసిన పనంతటిలో అసలైన పని ఆ నట్టును తెగకుండా తీయడమే.

తిరుగు పైపు ఊడదీయగానే సమాధానం కళ్ల ముందు కనబడింది. ఇంతకు ముందు ఎవరో మెకానిక్కు, అక్కడ ప్యాకింగ్ దొరక్క కాబోలు, సిలికాన్ పేస్టు దట్టంగా పూసి బిగించారు. ఎక్కువైన పేస్టు లోపలికి వానపాములా జారి, గట్టిపడి, పైపు నోటిని సగానికి పైగా మూసేసింది. మిగిలిన సందులో మాడిన నూనె బొగ్గులా పేరుకుంది. ఆ మెకానిక్కును నేను తప్పుపట్టను. అసలు ప్యాకింగ్ విడిగా దొరికి ఉంటే ఆయన పేస్టు డబ్బా తీసేవారే కారు. టర్బో నూనె పైపుల దగ్గర పేస్టు వాడకూడదన్న ఒక్క వాక్యం ఆయన చేతికి అందే పుస్తకంలో ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

ఆ సాయంత్రం పైపును కడిగి, మూతి అంచు ఆకారాన్ని కాగితం మీద అచ్చు తీసుకొని, బోల్టు కన్నాల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో కొలిచి ఆటోనగర్‌కు వెళ్లాను. లారీ పనులకు పేరుపడ్డ ఆ వీధుల్లో టర్బో అనే మాట ఎవరినీ భయపెట్టదు, ఎందుకంటే నేటి డీజిల్ లారీలకు అది లేకుండా లేదు. ప్యాకింగులు కోసే ఒక పెద్దాయన నా కాగితం చూసి, వేడిని, నూనెను తట్టుకునే షీటు మీద గీసి, ఇరవై నిమిషాల్లో రెండు ముక్కలు కోసి ఇచ్చారు. పాత రాగి వాషర్లను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరచవచ్చని చెప్పి, అయినా కొత్తవే వేసుకోండి బాబూ అని నాలుగు చేతిలో పెట్టారు. మొత్తం 150 రూపాయలు తీసుకున్నారు.

ఆదివారం బిగింపు పని. ఇక్కడే నాకు నిజమైన దిగులు కలిగింది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ చేతిలో ఉంది కానీ, దాన్ని ఏ అంకె మీద పెట్టాలో తెలియదు. 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణ పట్టికల్లో సుమారు 25 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. కానీ ఆ బోల్టు ఏ లోహంలోకి దిగుతోంది, మధ్యలో ఎలాంటి ప్యాకింగ్ ఉంది అన్నదాన్ని బట్టి ఆ అంకె మారాలి. తక్కువైతే నూనె కారి మండుతున్నంత వేడిగా ఉన్న సైలెన్సర్ మీద పడుతుంది, ఎక్కువైతే మర పోతుంది. నేను పట్టిక కన్నా తక్కువ వైపు ఉండి, బండి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పరీక్షిద్దామని నిర్ణయించుకున్నాను. యజమాని ఇలా ఊహతో బిగించడం ప్రమాదకరమని ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ అంకె తయారీదారు పుస్తకంలో అచ్చయి ఉంది, దాన్ని నాకు చూపించకపోవడం వల్ల ఎవరి భద్రత పెరిగిందో నాకు అర్థం కావడం లేదు.

పైపులు బిగించాక, నూనె వచ్చే కన్నంలో సిరంజితో కొత్త నూనె పోసి, ఇంధన పంపు ఫ్యూజు తీసి, నూనె ఒత్తిడి దీపం ఆరే దాకా ఇంజన్‌ను స్టార్టర్‌తో మాత్రమే తిప్పాను. పొడి ఇరుసు ఆ వేగంతో తిరిగితే కొద్ది సేపట్లోనే అరిగిపోతుంది కాబట్టి ఈ పని ఎవరూ మానకూడదు. తర్వాత బండిని ఆరుబయటకు నెట్టి స్టార్ట్ చేశాను. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపడం ప్రాణాంతకం. సైలెన్సర్‌లో నిలిచిన పాత నూనె పావుగంట సేపు పొగై పోయింది. ఆ తర్వాత పొగ లేదు. ఇవాళ్టికి పది రోజులు, ఉదయాన్నే స్టార్ట్ చేసి వెనక నిలబడి చూస్తున్నాను, లేదు.

ఇంటి దగ్గర పని అనగానే బండిని చట్టవిరుద్ధంగా మార్చడమేనని కొందరు అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ విషయాన్ని స్పష్టం చేసింది. అది సరైనదే. నేను చేసింది మార్పు కాదు, కారును తయారీదారు ఇచ్చిన స్థితికి తిరిగి తేవడం. ఆ పని సక్రమంగా చేయడానికి కావలసినవి తయారీదారు దగ్గరే ఉంటాయి.

ఇది నా ఒక్కడి కోరిక కాదు. విడిభాగాలను, పరీక్షా సాధనాలను బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. వాటిని బహిరంగ మార్కెట్లో అందుబాటులో ఉంచాలని, బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదని కూడా ఆదేశించింది. దాని మీద అప్పీళ్లు సాగాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీని వేసి, అది దృష్టి పెట్టవలసిన నాలుగు రంగాల్లో మోటారు వాహనాలను కూడా చేర్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాహనాల రిపేరు హక్కు చట్టం 2012లోనే వచ్చింది. మన దగ్గర మాత్రం చేతిలో పానా పట్టుకున్న మనిషి దాకా ఇంకా ఏదీ చేరలేదు.

నేను కోరేది ఇంతే. ప్రతి మోడల్‌కు బిగింపు కొలతలను, విప్పే వరుసను యజమానులకు, ఆటోనగర్ వంటి చోట్ల పనిచేసే మెకానిక్కులకు నామమాత్రపు రుసుముతో అందించాలి. ప్యాకింగులు, వాషర్లు, సీలు రింగుల వంటి చిన్న వస్తువులను పెద్ద భాగంతో ముడిపెట్టకుండా విడిగా అమ్మాలి. ఆ మోడల్ తయారీ ఆగిపోయినప్పుడు కనీసం వాటి కొలతలనైనా బయటపెట్టాలి. దీన్ని కంపెనీల ఇష్టానికి వదలకుండా కేంద్రం నిబంధనగా చేయాలి. కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), మాడిన నూనె వంటివి యజమానులు తెచ్చి ఇచ్చే ఏర్పాటును నగరపాలక సంస్థలు కూడా చేయాలని మనవి. కూలెంటు రుచికి తియ్యగా ఉండి పిల్లలను, కుక్కలను ఆకర్షించే విషం. నా ఇంట్లో అది ఇప్పటికీ మూత బిగించిన డబ్బాలో, ఎక్కడ ఇవ్వాలో తెలియక అలాగే ఉంది.

లీనియా టీ-జెట్ తిరుగు పైపు ప్యాకింగ్ అచ్చు కాగితాన్ని ఆటోనగర్‌లో దాన్ని కోసి ఇచ్చిన పెద్దాయన దగ్గరే ఉంచి వచ్చాను. ఆ కారు ఉన్నవారు ఎవరు వెళ్లి అడిగినా ఆయన కోసి ఇస్తానన్నారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ.