మా అమ్మాయి చేతులు చూసి పట్టించుకున్న వారందరికీ

అందరికీ నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాసే గుమాస్తాను. గడిచిన రెండేళ్లలో మా ఇంటిని నిలబెట్టిన కొందరికి ఎదురుగా నిలబడి కృతజ్ఞతలు చెప్పబోయిన ప్రతిసారీ గొంతు పట్టేసి సగంలోనే ఆగిపోయాను. అందుకే చెప్పవలసిన మాటలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది మా పెద్దమ్మాయి జబ్బు గురించి. తను దీన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఒకచోట రెండు వాక్యాలు తీసేయమంది; తీసేశాను. మిగిలినది నలుగురికీ తెలిస్తే మంచిదే అంది. తన పేరు మాత్రం రాయడం లేదు.

ఆ జబ్బు పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. డాక్టర్లు క్లుప్తంగా ఓసీడీ అంటారు. మనం ఇళ్లలో తేలిగ్గా వాడే చాదస్తం అనే మాటకూ దీనికీ పైకి పోలిక ఉండడం వల్లనే మాకు అది జబ్బని తెలియడానికి ఇన్ని నెలలు పట్టింది. చాదస్తం ఉన్న మనిషికి తన పద్ధతిలో పని జరిగితే తృప్తి కలుగుతుంది. మా అమ్మాయికి నలభైసార్లు చేతులు కడుక్కున్నా ఆ తృప్తి దొరికేది కాదు. అలసిపోయి కుళాయి కట్టేసేది, అంతే. నూరుమందిలో ఇద్దరి దాకా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు బారిన పడతారనీ, చాలామందిలో పదేళ్ల వయసుకూ పాతికేళ్లకూ మధ్యనే మొదలవుతుందనీ నాకు తర్వాత తెలిసింది.

2023లో పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో ఇది మొదలైంది. బయటినుంచి రాగానే కాళ్లు కడుక్కోవడం, పుస్తకాలు తుడిచి పెట్టుకోవడం, తన కంచం తానే తోముకోవడం చూసి మా అమ్మ మురిసిపోయింది. మా అత్తగారి మడి మళ్లీ ఈ పిల్లకు వచ్చిందని వచ్చినవారందరికీ చెప్పుకునేది. నేను కాదనలేదు సరికదా, లోలోపల నాకూ గర్వంగానే ఉండేది. ఇంటర్‌లో చేరేసరికి తన స్నానం గంటన్నర పట్టేది. సబ్బు మూడు రోజులకు ఒకటి అయిపోయేది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లబడి, తర్వాత పగిలి, దసరా నాటికి కణుపుల దగ్గర రక్తం కనబడసాగింది. చర్మం డాక్టరుకు చూపిస్తే పూత మందు ఇచ్చారు. రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతావని అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మందు రాసుకోవడం, అది అంటుకుందని మళ్లీ కడుక్కోవడం, ఇలా నాలుగు నెలలు గడిచాయి.

ఈలోగా ఇల్లంతా ఆ జబ్బు చెప్పినట్టు నడవడం మొదలుపెట్టింది. యార్డు నుంచి వచ్చే నా బట్టలకు మిరప ఘాటు ఉంటుంది, ఎండు మిరప పొడి జేబుల్లో, కాలరు మడతల్లో చేరుతుంది. నేను మెట్ల దగ్గరే నిలబడాలి. మా ఆవిడ తువ్వాలు తెచ్చి ఇచ్చేది. చొక్కా, ప్యాంటు అక్కడే బకెట్టులో వేసి, నీళ్లు పోసుకుని, తలుపు గొళ్లెం ముట్టుకోకుండా లోపలికి నడవాలి. ఏ ఒక్కటి తప్పినా పిల్ల వణికిపోతూ ఏడ్చేది. ఆ ఏడుపు చూడలేక మేము ఆ నియమాలన్నీ పాటించాము. దాన్ని ప్రేమ అనుకున్నాము.

మొట్టమొదట నమస్కారం పెట్టవలసినది కాలేజీలో లెక్కలు చెప్పే మేడమ్ గారికి. అర్ధసంవత్సరం పరీక్షలో మా అమ్మాయి మొదటి రెండు ప్రశ్నలు మాత్రమే రాసి, మిగతా పేపరంతా తెల్లగా వదిలేసి ఇచ్చింది. రాసినచోట ఒక్కొక్క అంకె మీద నాలుగైదుసార్లు మళ్లీ దిద్దడంతో కాగితం చిరిగిపోయింది. మార్జిన్ దగ్గర ఎర్రటి మరక ఉంది. మార్కులు వేసి పక్కన పెట్టేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ పిల్లను స్టాఫ్ రూముకు పిలిచి, చేతులు తన చేతుల్లోకి తీసుకుని చూసి, ఆ సాయంత్రం నాకు ఫోను చేశారు. "మీ అమ్మాయికి లెక్కలన్నీ వచ్చండీ, దాన్ని ఏదో పట్టుకుని వదలడం లేదు, రేపు సెలవు పెట్టుకుని పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి" అన్నారు. మానసిక వైద్యులు అనే మాట వినగానే నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఆవిడ ఓపికగా వినడమే కాక, మర్నాడు మళ్లీ ఫోను చేసి వెళ్లారా అని అడిగారు. ఆ రెండో ఫోను రాకపోతే నేను వెళ్లేవాణ్ని కాదు.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ముందు బల్లమీద కూర్చున్నప్పుడు, తెలిసినవారెవరైనా కనబడతారేమోనని నేను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే పక్కన కూర్చున్న పిల్లకు అది కనబడకుండా ఉండదు. మమ్మల్ని చూసిన డాక్టర్ గారు చిన్న వయసువారే. ఆవిడ నన్నేమీ అడగకుండా, నేరుగా పిల్లతో, "కడుక్కోకపోతే ఏమవుతుందని భయం, అమ్మా?" అన్నారు. ఆరు నెలల్లో మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. చాలాసేపటికి మా అమ్మాయి, నాన్న బట్టల మీది కారం తన చేతికి అంటి, దానివల్ల తమ్ముడి కళ్లు పోతాయని, ఆ పాపం తనదే అవుతుందని చెప్పింది. అంతవరకూ తనకు నేనంటే అసహ్యమని నేను అనుకుంటున్నాను. ఆ గదిలో నేను బావురుమన్నాను. ఆవిడ నాకు మంచినీళ్లు ఇప్పించి, ఇది చెడు బుద్ధి కాదనీ, గాలి సోకడం కాదనీ, వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని చల్లార్చడానికి చేసే పని, రెండూ కలిసి గొలుసులా తిరుగుతాయనీ, కడుక్కున్నకొద్దీ భయం కాసేపు తగ్గి, మరుసటిసారి మరింత బలంగా వస్తుందనీ, మా ఇద్దరికీ అర్థమయ్యే మాటల్లో విడమరిచి చెప్పారు.

మందు సెర్ట్రలిన్. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. ఈ జబ్బులో మందు గుణం కనబడడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చని, అంతవరకూ లాభం లేదని ఆపేయవద్దని ఆవిడ ముందే హెచ్చరించారు. చిన్న వయసువారిలో మొదటి వారాల్లో మనసు మరింత కుంగే అవకాశం కొద్దిగా ఉంటుంది గనుక కనిపెట్టి ఉండమని కూడా చెప్పారు. ఆ మాట చెప్పినందుకు ఆవిడకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. రెండో వారంలో ఒక రాత్రి పిల్ల నా దగ్గరకు వచ్చి, "నేను లేకపోతే మీకందరికీ హాయి కదా నాన్నా" అంది. మామూలుగా అయితే పిచ్చిమాటలు మాట్లాడకని కసిరి పడుకోబెట్టేవాణ్ని. ఆ రాత్రి ఒంటిగంట దాటాక 14416కు ఫోను చేశాను. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను అది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. అవతలి అమ్మాయి, చనిపోవాలని అనిపిస్తోందా అని పిల్లను నేరుగా, నెమ్మదిగా అడగమంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, దాచుకున్నది చెప్పుకునే దారి దొరుకుతుందనీ చెప్పింది. మందులన్నీ తాళం పెట్టి, ఒంటరిగా వదలకుండా, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకెళ్లమంది. నేను అడిగాను. పిల్ల చెప్పింది. తెల్లవారేదాకా మా ఆవిడ దాన్ని ఒడిలో పడుకోబెట్టుకుంది. ఫోనులో ఆ అమ్మాయి పేరు కూడా నేను అడగలేదు. ఇది ఎప్పుడైనా తన కంటపడితే, ఆ ఇంట్లో పిల్ల క్షేమంగా ఉందని తెలుసుకోవాలని నా కోరిక.

డాక్టర్ గారే అరండల్‌పేటలో ఒక క్లినికల్ సైకాలజిస్టు గారి దగ్గరకు పంపారు. మా స్థితి తెలుసుకుని ఫీజు సగానికి తగ్గించిన మంచి మనిషి ఆయన. ఆయన చేసిన చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగుల మీద దీని ఫలితాన్ని ప్రకటించారట. భయపడే వస్తువును కావాలనే ముట్టుకుని, కడుక్కోకుండా కూర్చుని, ఆ భయం దానంతట అది దిగేదాకా చూడడమే దీని పని. వినడానికి తేలికగా ఉంటుంది, చూసేవారికే గుండె ఆగిపోతుంది. ముందుగా పిల్ల చేతనే భయాలన్నీ నూటికి ఇన్ని మార్కులని వేయించి మెట్లుగా రాయించారు. తలుపు గొళ్లెం ముప్పై, ఆర్టీసీ బస్సులో కడ్డీ యాభై, నా చొక్కా తొంభై ఐదు. మాకు చెప్పినది వేరు. తువ్వాలు అందించవద్దు, మెట్ల దగ్గర ఆగవద్దు, "ఏమీ కాదులే" అని వందసార్లు ధైర్యం చెప్పవద్దు. మేము చేసే ప్రతి సాయమూ ఆ జబ్బుకే అన్నం పెడుతోందని ఆయన అన్నప్పుడు మా ఆవిడ చాలా నొచ్చుకుంది. అయినా మర్నాటి నుంచి తువ్వాలు అందించడం మానేసింది. నా దృష్టిలో ఆ నెల రోజులు అందరికంటే కష్టపడినది తనే.

నా చొక్కా వంతు మార్చి నెలలో వచ్చింది. అది యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విపరీతంగా వచ్చే రోజులు, చొక్కా మామూలుకంటే ఎర్రగా ఉంది. ఆయన ముందు, బల్ల మీద ఆ చొక్కా పరిచి, కళ్లు మాత్రం రుద్దుకోవద్దని, అది ఎవరికైనా అవసరమైన జాగ్రత్తేనని చెప్పి, కుడి చేతి కఫ్ మీద రెండు వేళ్లు పెట్టమన్నారు. పెట్టింది. ఎంత అని అడిగితే తొంభై అంది. ఎవరూ మాట్లాడలేదు. పది నిమిషాలకు ఎనభై ఐదు. పెదవులు తెల్లగా పాలిపోయాయి, వేళ్లు తీయలేదు. అరగంటకు అరవై. యాభై నిమిషాలకు ముప్పై ఐదు అని, ఆ చేతినే ఒడిలో పెట్టుకుని, తమ్ముడు ఈరోజు బడికి వెళ్లాడా నాన్నా అని అడిగింది. వెళ్లాడమ్మా అన్నాను.

ఇంకొక విషయం, తను రాయమన్నది కాబట్టే రాస్తున్నాను. దేవుడి గదిలోకి వెళితే దేవుణ్ని తిట్టే మాటలు మనసులోకి వచ్చేవట. ఆ భయంతో దీపం పెట్టడం మానేసింది. మా అమ్మ దాన్ని పొగరనుకుని చాలా మాటలంది. ఇష్టం లేకుండా చొరబడే ఇటువంటి ఆలోచనలు కూడా ఇదే జబ్బులో భాగమనీ, వాటికి అంతగా భయపడుతున్నారంటే ఆ మనిషి స్వభావానికి అవి పూర్తిగా వ్యతిరేకమనీ సైకాలజిస్టు గారు మా అమ్మను కూడా కూర్చోబెట్టి చెప్పారు. డెబ్బై రెండేళ్ల మా అమ్మ మనవరాలి రెండు చేతులూ పట్టుకుని తప్పయిపోయిందని అంది. ఆ తర్వాత అందరం మంగళగిరి వెళ్లాము. పానకాల స్వామి సన్నిధిలో, స్వామికి పోయగా మిగిలిన పానకాన్ని, అందరి చేతులూ తగిలే ఆ పాత్రలో నుంచే పోయించుకుని తాగింది.

మా పై వాటాకు రోజుకు మూడుసార్లు మోటారు వేయవలసి వచ్చినా ఇల్లు ఖాళీ చేయమని అనని ఇంటివారికి, ఎనిమిది నెలలపాటు మా అబ్బాయిని పొద్దున్నే తమ ఇంట్లో స్నానం చేయనిచ్చి, బడికి పంపి, ఎందుకని ఒక్కరోజు కూడా అడగని పక్కింటి పిన్నిగారికి, సీజను మధ్యలో ప్రతి గురువారం మధ్యాహ్నం నన్ను వదిలి, ఒక్క రోజు జీతం కూడా కోయని మా షావుకారు గారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

మొదటి సంవత్సరంలో రెండు పేపర్లు మిగిలిపోతే మే నెలలో సప్లిమెంటరీ రాసి పాసైంది. ఇప్పుడు డిగ్రీలో ఉంది. జబ్బు పూర్తిగా పోయిందని నేను చెప్పను. పరీక్షల ముందు ఇప్పటికీ గొళ్లెం మళ్లీ మళ్లీ చూస్తుంది, అప్పుడు తనే కాగితం తీసి మార్కులు వేసుకుంటుంది. మందు నడుస్తోంది, మోతాదు తగ్గించడం మొదలుపెట్టారు, నిలిపేది ఎప్పుడో డాక్టర్ గారే చెబుతారు. మీ ఇంట్లో ఎవరైనా పిల్ల గానీ పిల్లవాడు గానీ గంటల తరబడి స్నానాలగదిలో ఉంటే, రాసినదే రాస్తూ పేపరు పూర్తిచేయలేకపోతే, పొగడకండి, తిట్టకండి, ఏమవుతుందని భయమో ఒక్కసారి అడగండి. మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లడానికి సందేహముంటే నాకు చెప్పండి, ఓపీ చీటీ రాయించే దగ్గర నేను మీ పక్కన నిలబడతాను.

ఇదంతా చదివాక మా అమ్మాయి, ఒక్కరి పేరు మరచిపోయావు నాన్నా అంది. తమ్ముడికి కృతజ్ఞతలు రాయమంది. ఎనిమిది నెలలు సబ్బు పెట్టె పట్టుకుని పక్కింటికి వెళ్లి వచ్చినా, అక్కను ఒక్క మాట కూడా అనలేదు వాడు.