గల్ఫ్‌లో మనసు చెదిరిన మా తమ్ముడి గురించి బహిరంగ లేఖ

ప్రవాస కార్మికుల సంక్షేమం చూసే అధికారి గారికి,

నమస్కారం. మూడు వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు రాస్తున్నాను.

మాది జగిత్యాల జిల్లా. మా తమ్ముడు తాపీ పనికి సౌదీ వెళ్లాడు. వీసా అప్పు తీరకముందే నిద్ర కరువైంది. ఎవరో పిలుస్తున్నారంటూ రాత్రిళ్లు క్యాంపు దాటి నడిచేవాడు. కాలు విరిగి ఉంటే కంపెనీ ఆసుపత్రికి పంపేదేమో. మనసు చెదిరింది కాబట్టి జీతం కోసింది, చివరికి పని వదిలి పారిపోయాడని అక్కడి ప్రభుత్వానికి 'హురూబ్' ఫిర్యాదు పెట్టింది. అక్కడి మనవాళ్ల మాటలో ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేని కార్మికుడు, అయ్యాడు. ఆ ముద్ర పడ్డాక ఇంకో పని దొరకడమూ, ఇంటికి రావడమూ కష్టమే. అమ్మ మాత్రం ఊళ్లో టైఫాయిడ్ అని చెప్తోంది. పిల్లనెవరిస్తారని ఆమె టెన్షన్.

ఇలాంటి ఆపదల్లో వైద్యానికి, విమానం టికెట్టుకు వాడేందుకే మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఆరోగ్య బీమాలో మానసిక జబ్బును శరీర జబ్బుతో సమానంగా చూడాలని మన దేశ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

దయచేసి ఆ నిధితో తమ్ముడికి వైద్యం చేయించండి. హురూబ్ తీయించి, తోడు మనిషినిచ్చి ఇంటికి పంపండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక అక్క