అగ్గి అంటుకుంటే చాలు షార్ట్ సర్క్యూటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ పేపర్ ఒక్కటే కాదు అన్ని పేపర్లలోనూ చూస్తున్నా, ఎండాకాలం వస్తే చాలు ఎక్కడ ఇల్లు కాలినా షాపు కాలినా చివరి లైన్ ఒకటే ఉంటది, షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు అని. ఎవరు భావిస్తున్నారో మాత్రం ఉండదు. నేను హౌస్ వైరింగ్ చేస్తా, కాలిన బోర్డులు విప్పి చూస్తుంటా కాబట్టి ఇది రాస్తున్నా, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

టెన్త్ లో వి = ఐఆర్ అని ఓమ్ నియమం అందరం బట్టీ పట్టినదే కదా, వి అంటే వోల్టేజి, ఐ అంటే కరెంటు, ఆర్ అంటే కరెంటుని అడ్డుకునే నిరోధం. దాన్నే తిప్పి రాస్తే ఐ = వి/ఆర్. షార్ట్ అంటే ఫేజూ న్యూట్రలూ నేరుగా తగలడం, మధ్యలో ఆర్ దాదాపు లేనట్టే, ఇంటికొచ్చే 230 వోల్టులని సున్నాకి దగ్గర్లో ఉన్న నంబరుతో భాగిస్తే కరెంటు వందల ఆంపియర్లకి పోతుంది. పోతే ఏమవుద్ది, మంచి ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్చి, ఉంటే రెప్పపాటులో పడిపోద్ది, ఇళ్ళల్లో వేసే సీ టైప్ ఎంసీబీ రేటింగుకి 5 నుంచి 10 రెట్లు కరెంటు రాగానే ట్రిప్ అయ్యేలాగే చేస్తారు. మాటిమాటికీ ఫ్యూజు పోతుందని కిట్‌క్యాట్ లో లావు రాగి తీగ చుట్టేసిన ఇళ్ళ సంగతి వేరు, అక్కడ షార్ట్ తోనే తగలబడొచ్చు, కాదనను.

నాకు ఎక్కువ కనిపించేది లూజ్ కనెక్షన్. 2000 వాట్ల గీజర్ తీసుకోండి, 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు, అంటే దాని ఆర్ సుమారు 26 ఓములు. సాకెట్ వెనకాల స్క్రూ వదులై అక్కడ అర ఓము చేరిందనుకుందాం. మొత్తం ఆర్ పెరిగింది కాబట్టి కరెంటు కొంచెం తగ్గుద్ది, 8.5 అవుద్ది. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇందులో తప్పేమీ కనపడదు. కానీ వేడి లెక్క ఐ స్క్వేర్ ఆర్, 8.5ని 8.5తో గుణించి అందులో సగం చేస్తే 36 వాట్లు, అదంతా చింతగింజంత స్క్రూ దగ్గరే. రేడియో రిపేర్ వాళ్ళ సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే అండి, దాంతోనే సీసం కరిగిస్తారు! ఈఎల్సీబీ ఉంది కదా అంటారు కొందరు, అది ఎర్త్ కి లీకయితే పడేది, ఇక్కడ వెళ్ళిన కరెంటు వెళ్ళినట్టే న్యూట్రల్ లో తిరిగొస్తుంది, అది ఎందుకు పడుద్ది.

అలా రోజూ ఉడికి ఉడికి ముందు సాకెట్ గోధుమ రంగు తిరుగుద్ది, వాసనొస్తది, తర్వాత వైర్ పైన ప్లాస్టిక్ కరిగి ఫేజు న్యూట్రలు అప్పుడు తగులుకుంటాయి, ఎంసీబీ అప్పుడు పడుద్ది. వచ్చి చూసినవాళ్ళకి కరిగి గుండ్లు కట్టిన రాగి కనపడుద్ది, ఇంకేం షార్ట్ అని రాసేస్తారు. పాత ఇళ్ళల్లో అల్యూమినియం వైర్ కి రాగి వైర్ మెలేసి టేపు చుట్టిన జాయింట్లు అయితే ఇంకా ఘోరం.

షార్ట్ అనేసరికి అదేదో పిడుగు పడ్డట్టు మన చేతిలో లేనిది అనుకుంటున్నారు జనం. స్క్రూడ్రైవర్ తో బిగిస్తే పోయేదానికి, సాకెట్ వేడెక్కినా పట్టించుకోరు, ఒకటే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇస్త్రీ పెట్టె, కెటిలు, కూలరు అన్నీ పెడతారు.

కాబట్టి మీ రిపోర్టర్లకి ఒక మాట చెప్పండి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ చూసేదాకా కారణం ఇంకా తేలలేదు అనే రాయమనండి. ఇంకోటి, పరీక్షల ముందు మీరు టెన్త్ బిట్ బ్యాంక్ వేస్తారుగా, అందులో ఓమ్ నియమం నిర్వచింపుము అని కాకుండా 6 ఆంపియర్ల సాకెట్ కి 1500 వాట్ల కెటిల్ పెట్టొచ్చా అని ఒక లెక్క ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్, తెనాలి