గ్రహణం వార్తతో పాటు చూసే పద్ధతీ అచ్చు వేయండి

సంపాదకుడి గారికి,

సూర్యగ్రహణం దగ్గర పడిందంటే పత్రికల్లో ‘నేరుగా చూడరాదు’ అన్న ఒక్క ముక్క కనిపిస్తుంది. ఎందుకు చూడరాదో, మరెలా చూడాలో ఉండదు. చూడాలన్న కోరిక మాత్రం ఆగదు గనుక జనం పాత ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజు, చలువ కళ్లద్దాలు వెతుక్కుంటున్నారు.

వీటితోనే అసలు ముప్పు. వెలుగు తగ్గినట్టుంటుంది కాబట్టి కళ్లు చికిలించబుద్ధి కాదు, కంటిపాప విచ్చుకుంటుంది. హాని చేసే కిరణాలు మాత్రం లోపలికి పోతూనే ఉంటాయి. రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, నొప్పి తెలియదు. చూపు మధ్యలో మచ్చ పడిన సంగతి కొన్ని గంటలకు గానీ బయటపడదు, కొందరికి అది ఎప్పటికీ పోదు. సూర్యుడు 99 శాతం మరుగైనా మిగిలిన సన్నని తునక తీక్షణత తగ్గదు.

నీళ్లలో నీడ చూస్తే క్షేమమనుకోవడమూ పొరపాటే. నీటి పైభాగం సూర్యకాంతిలో సుమారు 2 శాతాన్ని తిప్పి పంపుతుంది, ఎండ ఏటవాలుగా పడితే ఇంకా ఎక్కువ. గ్రహణం చూడటానికే చేసిన ఫిల్టరు కళ్లద్దాల్లోంచి ఐఎస్‌ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం రానిచ్చే వెలుగు 0.0032 శాతమే. తేడా ఆరు వందల రెట్ల పైమాటే.

ఆ కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంట్లో మామూలు వస్తువేదీ కనబడకూడదు. గీతలు, చిల్లులు ఉంటే పారేయాలి. తల దించి పెట్టుకుని అప్పుడు పైకి చూడాలి, పక్కకు తిరిగాకే తీయాలి. వాటితో బైనాక్యులర్‌లోకి అసలు చూడకూడదు. కటకం కూడగట్టిన ఎండకు ఆ ఫిల్టరు క్షణాల్లో కాలిపోతుంది. బైనాక్యులర్‌కైతే ఫిల్టరు దాని ముందువైపు, సూర్యుడికి ఎదురుగా ఉండాలి.

కళ్లద్దాలు దొరకనివారికి అట్టముక్క చాలు. మధ్యలో చిన్న చదరం కత్తిరించి, అల్యూమినియం రేకు అంటించి, గుండుసూదితో 1 మిల్లీమీటరు బెజ్జం పొడవాలి. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, మీటరు దూరంలో తెల్లకాగితం మీద వెలుగు పడేలా పట్టుకుంటే 9 మిల్లీమీటర్ల సూర్యబింబం కనిపిస్తుంది. బెజ్జం పెద్దదైతే బింబం అలుక్కుపోతుంది. కాగితం మరీ దగ్గరైతే బెజ్జం ఆకారమే పడుతుంది. చాలామంది చేసే తప్పు ఒకటుంది: బెజ్జంలోంచి సూర్యుణ్ణి చూడటం. చూడాల్సింది కాగితాన్ని. చెట్టు నీడలో నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోవడమూ ఈ లెక్కే, పిల్లలకు అది తప్పక చూపించాలి.

గ్రహణ వార్తలో సమయాలతో పాటు పాఠకులున్న చోట అది సంపూర్ణమో, వలయాకారమో (సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలేది), పాక్షికమో స్పష్టంగా వేయండి. కళ్లద్దాలు తీయదగినది సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మరుగైన ఆ కొద్దిసేపే. మిగతా రెండింటిలో మొదటినుంచి చివరిదాకా తీయకూడదు.

– ఒక పాఠకుడు